విశ్రాంతికి ముందు అర నిమిషం

సభకు అధ్యక్షత వహిస్తున్న మన హాలు యజమానిగారికి, నన్ను ఇంతకాలం భరించిన మేనేజరుగారికి, టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే అక్కయ్యకి, క్యాంటీను బాబాయికి, ఒకే సినిమాను పాతికేళ్లుగా చూస్తూ ఇప్పటికీ కొత్తగా ఏడ్చే నా ఆదివారం ప్రేక్షకులకి నమస్కారం. (నవ్వులు)

ముప్ఫైనాలుగేళ్లు పైగదిలో మిషన్‌తో తప్ప మనిషితో మాట్లాడని ఆపరేటరుని, ఇవాళ రిటైరవుతున్నాడని తెచ్చి మైకు ముందు నిలబెట్టారు. అధ్యక్షులవారు ఇందాక నన్ను "ఒక్క అంగుళం రీలు కూడా పాడుచేయని మనిషి" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందుకే మా కోడలు రాసిచ్చిన ప్రసంగం జేబులోనే ఉంచేశాను. కష్టపడి రాసింది పాపం, ఏమీ అనుకోకమ్మా.

ఆ తల్లీకొడుకుల సినిమా గురించి మీకు నేను చెప్పేదేముంది. నెలకో ఆదివారం మ్యాట్నీకి అది వేస్తే హాల్లో సగంమంది తెర కంటే ముందే మాటలు చెప్పేస్తారు. మన గడియారాల మెకానిక్‌గారైతే విలన్ తుమ్ము కూడా వదలరు. (నవ్వులు) నవ్వకండి, ఎన్నోసార్లు వారి తుముకే నిద్రలేచి నేను రీలు మార్చుకున్నాను.

అంత ఇష్టపడి చూసే మీరు కూడా, విశ్రాంతికి ముందు అర నిమిషం మాత్రం చూడరు. పాట అయిపోగానే, టీ దగ్గర వరసలో ముందుండాలని క్యాంటీనుకి పరుగు తీస్తారు. ఆ అర నిమిషంలో తల్లి రెండు కంచాలు పెడుతుంది, కొడుకు రాడని అర్థమై ఒకటి తీసేస్తూ ఒక మాట అంటుంది. ఆ మాట కోసం కదలకుండా కూర్చునేది ఒక్కరే. మందుల దుకాణంలో పనిచేసిన అమ్మగారు. ఇవాళ మూడో వరసలో ఉన్నారు. రావాలని నేనే ఇంటికి వెళ్లి పిలిచాను, ఎందుకో మాత్రం చెప్పలేదు.

పదిహేనేళ్ల కింద ఒక ఆదివారం, మీ అందరికంటే ముందు టీ తాగేయాలని నేను కూడా మిషన్ వదిలి కిందికి దిగాను. ఆట నడుస్తుండగా గది దాటితే ఉద్యోగం ఉండదని మేనేజరుగారు గోడ మీద రాయించి పెట్టారు, అయినా దిగాను. పైకి వచ్చేసరికి రీలు ఇరుక్కుని, దీపం వేడికి కాలిపోతోంది. కాలిన ఆ అర నిమిషం ముక్క కత్తిరించి పారేసి, రెండు కొసలూ అతికించేశాను. మీరంతా క్యాంటీనులో ఉన్నారు. మందుల దుకాణం ఆవిడ ఆ రోజు రాలేదు, వాళ్ల అమ్మగారు పోయి అప్పటికి వారమే.

తర్వాతి నెల వచ్చారు. పాట అయిపోయింది, తెర మీద టక్కున విశ్రాంతి పడింది, లైట్లు వెలిగాయి. అలవాటు కొద్దీ ఆవిడ పైకే అనేశారు: "ఆలస్యమైతే చెప్పొచ్చు కదరా, నేను తినేసేదాన్ని." లేస్తున్న వాళ్లందరూ ఘొల్లున నవ్వారు. మందులమ్మే చేత్తో తను కూడా ఏవో మింగుతోందని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఆవిడ మెట్లెక్కి నా గది గుమ్మం దాకా వచ్చారు. "అన్నయ్యా, అక్కడ తల్లి మాట ఒకటి ఉండాలి కదా?"

"లేదమ్మా, ఎప్పుడూ లేదు. ఇంకేదో సినిమాతో కలిపేసుకుంటున్నారు."

అంత నిదానంగా అబద్ధం ఆడగలనని అప్పటిదాకా నాకే తెలియదు.



మంచినీళ్లు వద్దు బాబాయ్, చెప్పనీ.

వాళ్ల అమ్మగారు చివరి రోజుల్లో కన్నకూతుర్నే ఎవరు నువ్వని అడిగారట. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను. తనకూ అదే జబ్బు మొదలైందనుకున్నారు ఆవిడ. డాక్టర్ల చుట్టూ తిరిగారు. వాళ్లు ఏమీ లేదన్నా నమ్మలేదు. చీటీ చూసి మందు తీయడం, మళ్లీ చీటీ చూడడం, ఇచ్చేశాక కూడా వీధి చివరిదాకా వెంటపడి చూడడం. తన మతిమరుపు ఎవరి ప్రాణం మీదికి తెస్తుందోనని ఆఖరికి ఉద్యోగమే మానేశారు. క్యాంటీను బాబాయి వచ్చి చెబితే నేను అయ్యో అన్నాను. అంతే. అయ్యో అని టీ పూర్తిచేశాను.

చెప్పేద్దామని వాళ్ల వీధి మలుపుదాకా చాలాసార్లు వెళ్లాను. మొదట్లో ఉద్యోగం పోతుందని వెనక్కి తిరిగాను. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని తిరిగాను. ఇవాళ ఉద్యోగం ఎలాగూ అయిపోయింది. అది పోయాకే నోరు తెరిచాను, కాబట్టి దీన్ని ధైర్యం అనకండి. దయచేసి చప్పట్లు కూడా వద్దు.

అమ్మా, మీకు ఏ జబ్బూ లేదు. ఆ మాట సినిమాలో ఉంది. మీరు అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. నేను మీ కళ్లలోకి చూసి లేదన్నాను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

మీరు లేచి నిలబడ్డారు. వెళ్లిపోవడానికో, ఏమైనా అనడానికో నాకు తెలియడం లేదు. వెళ్తే ఎవరూ ఆపకండి, దారివ్వండి. ఏమైనా అంటే మాత్రం, ఆ రోజు నవ్వినవాళ్లు చాలామంది ఇక్కడే ఉన్నారు, అందరికీ వినబడాలి. మైకు ఇక్కడ పెట్టి నేను దిగుతున్నాను. ఇంతసేపు విన్న పెద్దలందరికీ కృతజ్ఞతలు. సెలవు.