పేరు తెలియని కూలి స్త్రీ

ఫ్రీ ఎంట్రీ అంటే ఇంత సుఖంగా ఉంటాదని అనుకోలేదమ్మా! చోడవరం నుంచి బస్సులో నిలబడి వెళ్ళడం, మ్యూజియం గేటు దగ్గర గంట క్యూ, లోపల బొమ్మల కన్నా మనుషుల వీపులే ఎక్కువ. విశాఖపట్నం జనానికి ఒక్కసారిగా కళ మీద ప్రేమ పుట్టుకొచ్చేసింది. టిక్కెట్టు లేదన్న రోజే పుడతాది కాబోలు.

నువ్వలా చింతపండు గింజలు తీసుకుంటూనే విను. చెయ్యి ఆపక్కర్లేదు.

మన పక్కింటి గంగాభవాని నాతో వచ్చింది కదా, గుమ్మంలోనే చెప్పులు విప్పేసింది! గోడ మీద దేవుడి బొమ్మ కనిపించిందట. ఆవిణ్ణి చూసి రోలుగుంట నుంచి వచ్చినవాళ్ళు విప్పేరు, వాళ్ళని చూసి ఇంకో పాతికమంది. సెక్యూరిటీ అతను "ఇది గుడి కాదమ్మా" అని మొత్తుకుంటన్నాడు. ఎవరు వింటారు?

నేనా? నేనూ విప్పేను. డిగ్రీ చదివేనని అంతమందిలో నేనొక్కదాన్నే చెప్పులేసుకుని నడవనా?

తోసుకుంటూ, తోయించుకుంటూ మూడో గదిలో వెళ్ళి పడ్డాను. ఎదురుగా నువ్వు!

ఆఁ, నువ్వే. అబద్ధం ఎందుకు చెప్తాను? తలుపంత బొమ్మ. గోవాడ రోడ్డు పక్క చెరుకు తోట, మధ్యలో నువ్వు. ఎడం చేత్తో కత్తి పట్టి చెరుకు నరికేది మన ఊళ్ళో నువ్వొక్కదానివే కదా. ఆ గడ్డం, ఆ చూపు కూడా నీవే.

కాని ఏం గీసేడే ఆ మహానుభావుడు! తల్లో మల్లెదండ. భుజాల దాకా చేతుల మీద గుడ్డ లేదు. చెరుకాకు చేతులు కోసేస్తాదని నువ్వు నాన్న పాత చొక్కా తొడుక్కుని, దాని మీద గుడ్డలు చుట్టుకునేదానివి. అవన్నీ తీయించేసేడు. ఆయన చేత ఒక్క పూట అలా నరికిస్తే తెలుస్తాది అందమేటో. పక్కన కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన "శ్రమ సౌందర్యం" అని పెళ్ళానికి పాఠం చెప్తన్నాడు. ఆవిడ ఫోను చూసుకుంటంది.

బాగుందా అంటావేటి? బాగుంది. అదే నా ఏడుపు.

కింద చీటీ అంటించేరు. "పేరు తెలియని కూలి స్త్రీ, చోడవరం." ఒళ్ళు మండిపోయింది నాకు. గీసినవాడి పేరు ఇంత లావున రాసేరు, బొమ్మ ఇచ్చిన కంపెనీ పేరు రాసేరు, నీకు మాత్రం పేరు లేదు! జనాన్ని తోసుకుని తిన్నగా ఆఫీసు గదిలోకి పోయేను. "ఆవిడ మా అమ్మండీ. పేరు అచ్చియ్యమ్మ. ఆ చీటీ మారుస్తారా, నన్నే పీకెయ్యమంటారా?" అన్నాను.

ఆఫీసరు మంచివాడే. కూచోబెట్టేడు, మంచినీళ్ళిచ్చేడు. ఆ పెయింటరుకి ఫోను చేసి స్పీకరు పెట్టేడు. ముసలాయన, గొంతు వణుకుతంది. జ్ఞాపకం మాత్రం మహా గట్టిది, ఏం చేస్తాం!

"పేరు కనుక్కోకుండా ఎలా ఉంటానండీ? గీసే ధ్యాసలో ముందు అడగలేదు. అడుగుదామనేసరికి ఆవిడ మోపెత్తుకుని వెళ్ళిపోతంది. గట్టు మీద నలుగురు కాలేజీ అమ్మాయిలు వస్తంటే వాళ్ళని అడిగేను. అందులో ఒకమ్మాయి, 'తెలీదండీ, ఎవరో కూలిమనిషి' అంది" అన్నాడు.

ఆఫీసరు నా వైపు తిరిగి, "చూసేరా మేడం, మా తప్పు లేదు. మీరు కూతురినని ఓ కాయితం రాసివ్వండి, రేపే మార్చేస్తాం" అన్నాడు. పెన్ను కూడా చేతికిచ్చేడు.

రాసేనా? లేదు. "మళ్ళీ వస్తానండీ" అనేసి వచ్చేసేను. అంత నోరేసుకుని వెళ్ళిన దాన్ని!

అలా చూడకు. ఎందుకో నీకూ తెలియాలి.

ఆ పిల్లని నేనే.

బస్సు దొరక్క నడిచొస్తన్నాం ఆరోజు. మా అమ్మ మిషను కుడతాదని వాళ్ళ దగ్గర అప్పటికే కోతలు కోసేసి ఉన్నాను. ఆయన అలా చెయ్యి చాపి నిన్ను చూపించేసరికి ముగ్గురూ నా మొహం చూసేరు. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. అడిగినాయనే ఈ పెయింటరని ఫోన్లో వినేదాకా నాకు తట్టలేదు. అదేటి, ముప్పయ్యేళ్ళు దాటిపోయింది, ఇప్పుడు చెప్తే ఏం, చెప్పకపోతే ఏం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఏటి?

విన్నావా? ఆ మోపు కింద నుంచా?

మరి మాకు ఎదురు రాకుండా రెండో గట్టు మీంచి ఎందుకు చుట్టు తిరిగి వెళ్ళేవు? ...నా కోసమా? వాళ్ళ ముందు నాకు చిన్నతనం అవుతాదనా?

విని ఊరుకున్నావా నువ్వు? ఆ రాత్రి కంచం ముందు కూచోబెట్టి అన్నం పెట్టేవు కదే! నేను అడక్కుండానే రెండోసారి కూర కూడా వేసేవు. కోపమొస్తే గరిటె విసరాలి గాని, కూర వేస్తారేటే ఎవరైనా?