పైడయ్య కుడికాలు

పైడయ్య నేసిన గుడ్డని ఎండకెత్తి చూస్తే ఒక్క పోగు కూడా పక్కకి జరిగి ఉండేది కాదంట. వీధిలో ఎవర్ని అడిగినా అదే చెప్పేవారు, అడక్కపోతే ఆయనే చెప్పేవాడు. పెళ్ళాం గౌరమ్మ కండెలకి నూలు చుట్టేది, ఆయన నేసేవాడు. పిల్లల్లేరు. ఒక కుందేలు ఉండేది, గౌరమ్మ తమ్ముడు సంతలో కొనితెచ్చి ఇచ్చాడంట. దాని పేరు దూది. తెల్లగా ఉంటుంది కదా, నేతవాళ్ళింట్లో ఇంకేం పేరు పెడతారు. ఇప్పుడు మగ్గం సంగతి చెప్తాను, అది తెలియకపోతే కథ తెలియదు. నేలలో మోకాలు దాటే లోతు గుంట తవ్వుతారు. నేసేవాడు గుంట అంచున కూచుని కాళ్ళు అందులోకి దింపుతాడు. కింద రెండు తొక్కుడు చెక్కలుంటాయి. కుడిది తొక్కితే సగం దారాలు లేస్తాయి, దారం ఉన్న నాడె ఇటునించి అటు పోతుంది. ఎడమది తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె అటునించి ఇటొస్తుంది. నేతంటే అంతే. ఎండాకాలం ఊరు మొత్తం మీద చల్లగా ఉండే చోటు ఏదంటే ఆ గుంట. ఆ సంగతి దూది కనిపెట్టింది. పొద్దున్నే గుంటలో దిగి చెక్క కింద పడుకునేది. అందుకని గౌరమ్మ మొగుడికి ఒక మాట చెప్పింది, దిగేముందు లోపలికి చూసి ‘ఉన్నావా’ అని పిలువు, అది పక్కకి జరుగుతుంది, అప్పుడు కాలు పెట్టు అని. పైడయ్య రోజూ పిలిచేవాడంట. అది జరిగేది. ఆయన దిగాక వచ్చి ఆయన కుడిపాదం మీద గడ్డం ఆనించి పడుకునేది.

ఏమైందంటే, ఒకరోజు గౌరమ్మ ఏటికి గుడ్డలు ఉతకడానికి వెళ్ళింది. పైడయ్యకి పడుగులో, అదే నిలువు దారాల్లో, రెండు పుటుక్కున తెగాయి. లేచి అటు తిరిగొచ్చి, విసుక్కుంటూ రెండూ ముడేసి, కూలబడి కుడికాలు వేసి గట్టిగా తొక్కాడు. పిలవలేదు. కింద టక్కుమంది. చెక్క విరిగిందనుకుని వంగి చూశాడంట. చెక్క బాగానే ఉంది. కుందేలు మామూలుగా అరవదు. ఆరోజు అరిచింది, ఒక్కసారి, పసిపిల్ల అరిచినట్టు. ఈయన దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకునేసరికి గౌరమ్మ తడి గుడ్డలతో గుమ్మంలో ఉంది. “ఏమైందయ్యా” అంది. సరిగ్గా అప్పుడే పక్కింటి నీలమ్మ పిల్లి, మసి అని నల్లపిల్లి, గోడ మీద నడిచిపోతోంది. దాని పని మీద అది పోతోంది. పైడయ్య దానివంక చూసి “పిల్లి” అన్నాడు. అంతే అన్నాడనుకో. మిగతాదంతా గౌరమ్మే అనుకుంది. తర్వాత ఆయన తనలో తను అదే చెప్పుకునేవాడంట, పిల్లి అన్నాను గానీ పిల్లి పట్టిందని అన్నానా అని. మీరు నవ్వకండి, ఇలాంటివి మన దగ్గర కూడా రెండో మూడో ఉంటాయి. గౌరమ్మ దూది విరిగిన కాలు పట్టి చూసి, పంటిగాట్లు లేవేంటి అంది. “మీదికి దూకింది” అన్నాడు. ఇది మాత్రం సర్దిచెప్పుకోడానికి వీల్లేని అబద్ధమే.

గౌరమ్మ ఏడ్చే మనిషి కాదు. వెదురు చీల్చి రెండు పుల్లలు తీసి, దూది వెనకకాలికి అటొకటి ఇటొకటి పెట్టి, గంజిలో ముంచిన నూలుతో కట్టింది. కట్టి, మొగుణ్ణి వెంటపెట్టుకుని తిన్నగా నీలమ్మ ఇంటికెళ్ళింది. నీలమ్మ ముసల్ది, ఒక్కత్తే ఉంటుంది. పిన్నీ, నీ పిల్లి ఈ వీధిలో ఉండటానికి వీల్లేదు అంది. నా పిల్లి ఎలకని తప్ప దేన్నీ ముట్టదే అని ఆవిడ. మా ఆయన చూశాడు అని ఈవిడ. నీలమ్మ పైడయ్య వంక తిరిగి, “చూశావట్రా?” అని అడిగిందంట. ఈయన తలూపాడు. పని చేసింది కాలు, ఊపింది తల. “సరే, పైడిగాడు అబద్ధమాడడు” అని నీలమ్మే పిల్లిని పట్టి గోనెసంచిలో వేసి ఇచ్చింది. మొయ్యాల్సింది కూడా ఈయనే. ఏరు దాటి ఎండుచేపల పాకల దగ్గర సంచి విప్పితే, పిల్లి ఆయన్ని ఒకసారి చూసి వెళ్ళిపోయిందంట. తిట్టినా బాగుండేది అనుకున్నాడంట. పిల్లి ఏం తిడుతుంది.

నాలుగోనాడు దూది మూడుకాళ్ళ మీద గెంతుకుంటూ వచ్చింది, గుంటలోకి జారింది, మళ్ళీ ఆయన కుడిపాదం మీదే గడ్డం ఆనించి పడుకుంది. ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు. ఇంక చూస్కోండి. ఎడమకాలు దబ్బుమని తొక్కుతుంది. కుడికాలు తొక్కబోతే ఆయనకి ఆ టక్కు వినిపిస్తుంది, కోడిగుడ్డు మీద పెట్టినట్టు పెడతాడు. కాలు సగం తొక్కితే దారాలు సగమే లేస్తాయి, నాడె కొన్నిటి పైనించీ కొన్నిటి కిందనించీ ఎటుపడితే అటు పోతుంది. మగ్గం దిగితే కుందేలు సేవ. లేత గరిక కోసుకొచ్చేవాడు, తోటకూర కాడలు తుంచి పెట్టేవాడు. తను గంజిలో పచ్చిమిరపకాయ నంజుకోవడం మానేశాడంట. కుందేలు కాలికీ పచ్చిమిరపకాయకీ ఏం సంబంధమో ఆయన్నే అడగాలి. గౌరమ్మ ఇదంతా చూస్తోంది.

పదిరోజులయ్యాక గౌరమ్మ నేసిన గుడ్డ విప్పి పరిచింది. ఆవిడ గుడ్డని కంటితో చూడదంట, చేత్తో తడిమి చూస్తుంది. తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. “ఇక్కడిదాకా నీ నేతే. ఇక్కడ రెండు ముళ్ళున్నాయి. ముళ్ళ పక్కనే ఒక పోగు ఉండగట్టింది, తొక్కి మధ్యలో వదిలేశావు. అక్కణ్ణించి ఎడమకాలి పోగులు బాగున్నాయి, కుడికాలివే తేలిపోయాయి. ఈ ముళ్ళు ఏనాటివి?” అంది. “నువ్వు ఏటికెళ్ళిన నాటివి” అన్నాడు. “నీ కుడికాలు ఏం చేసిందయ్యా?” అంది. అప్పుడు చెప్పాడంట, మొత్తం, కుందేలు వంక చూస్తూ. దానికే చెప్తున్నట్టు. గౌరమ్మ గుడ్డ మడత పెట్టింది. “ఆరోజే చెప్పుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నేనా ముసలిదాని మొహం ఎలా చూడను? పో, పిల్లిని తీసుకురా” అంది.

పోయాడు. మసి చేపపొట్టు తిని దూడలా ఉందంట. సంచి చూడగానే చెంప మీద బరబరా గీకి పాక ఎక్కేసింది. మొదటిసారి నీతో వచ్చి బాగుపడ్డాను, రెండోసారి ఎందుకు రావాలి అన్నట్టు. ఖాళీ సంచితో, నెత్తురు చెంపతో నీలమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. వీధంతా గోడలెక్కి వింటోంది. “పిన్నీ, నేనే తొక్కాను. పిల్లి మీద పెట్టాను. అది రానంటోంది” అన్నాడు. నీలమ్మ ఆ ఖాళీ సంచి అందుకుని, “నీ మాట మీద నా చేతుల్తో దాన్ని సంచిలో వేశాన్రా” అంది. అదొక్కటే ఆయనకి తగలాల్సిన చోట తగిలిందంట. ఇంకా ఏం కావాలో చెప్పు పిన్నీ అంటే, “నాకేం కావాలి. ఎలకలు కావాలి. పిల్లి చేసే పని నువ్వు చెయ్యి. రోజూ పొద్దున్నే రా” అంది. వెళ్ళేవాడంట. బోను పట్టుకుని, కర్ర పట్టుకుని, కన్నం ముందు కూచునేవాడు. నేతలో అంత మంచి చెయ్యి, ఎలకల్లో మాత్రం ఏం లాభం లేదంట. మరుసటేడు మసి దానంతటదే ఒకసారి వచ్చింది, కన్నం ముందు ఈయన్ని చూసింది, తన చోటు పోయిందనుకుందో ఏమో మళ్ళీ ఏరు దాటి వెళ్ళిపోయింది. దాంతో ఈయన పని ఖాయమైపోయింది.

కాలి సంగతి గౌరమ్మే తేల్చింది. ఇంకా కోడిగుడ్డు తొక్కుడే తొక్కుతుంటే చూసి చూసి, “అది నీ పాదం మీద ఉందయ్యా. కాలి కింద ఉన్నది నలుగుతుంది గానీ మీద ఉన్నది నలగదు. పిలిచి దిగు, దిగాక తొక్కు” అంది. తొక్కాడు. దూది చెవి కదిపి మళ్ళీ పడుకుంది. దానికి ఎవరు తొక్కారో తెలియదని కొందరంటారు, తెలిసే పడుకుందని కొందరంటారు. కుందేలు చెప్పలేదు, నేను చెప్పను. కాలు మాత్రం వంకరగానే అతుక్కుంది.

ఇప్పటికీ ఆ వీధిలో మగ్గం దిగేముందు గుంటలోకి చూసి ‘ఉన్నావా’ అంటారు. ఎందుకని అడిగితే పాములకనీ తేళ్ళకనీ చెప్తారు. పాముని పిలిచి దిగేవాడు ఎవడు. లోపల ఎవరూ ఉండరు, అయినా ఒక్క క్షణం ఆగి, జరగడానికి టైమిచ్చి, అప్పుడు కాలు పెడతారు.