మీసాల మీద మీగడ

"అమ్మమ్మా, ఈ సొట్ట చెంబు ఇంకెందుకే? పాత సామానోనికి ఏసేద్దామా?"

అయ్యో, పాత సామానోనికా! ఇటియ్యి ముందు. నర్సు కోర్సుల సీటొచ్చిందని సంచి సదురుకొమ్మంటే నా ఇల్లు సదురుతున్నవా? కూసో, చెప్త. ఈ సొట్ట ఉత్తగ పడలే బిడ్డా. ఇది పడ్డ దినం ఒక పిలగాడు బతికిండు. నా నౌకరి పోయి మళ్ల వచ్చింది.

నేను గప్పుడు పెద్ద దవఖానల, క్యాజువాలిటీల ఆయమ్మను. తెల్ల చీర, నీలం అంచు... నీలం కాదు, పచ్చంచు, నీలం తర్వాత వచ్చింది. మీ అమ్మ పారాడుతుండె. మాదన్నపేటకెళ్లి దవఖానకు రిక్షకు ఆఠాణా, అర్ధ రూపాయి. ఆఠాణా ఎవరిస్తరు, నడిచే పోతుంటి. క్యాజువాలిటీ అంటే ఏడుపులే అనుకోకు. నవ్వులు మస్తుండె. మాంజతోని వేలు తెగినోడు పతంగి చంకల పెట్టుకొనే వస్తుండె. పత్తర్‌గట్టిల బట్టల దుకాణం మెట్ల మీద జారి కాలిరిగిన ముసలామె, కట్టు కట్టేదాక కొత్త చీర చేతులకెళ్లి ఇడ్వలే. నవ్వినా పని ఆగదు, తెల్సా.

ఏం చెప్తున్న? ఆఁ, చెంబు. మన వెనక గల్లీల లచ్చవ్వ అని ఉండె. పదకొండు బర్లు, ఇంటింటికీ పాలు పోస్తుండె. ఆమెకు ఒక్కడే కొడుకు, మల్లేశు. మూడు వారాలల్ల వాని లగ్గం. దీపావళి అయినంక సదరు పండుగొస్తది గదా, పాలోళ్లందరు దున్నపోతులకు నూనె రాసి, గవ్వల దండలేసి, మర్ఫా డప్పులు కొట్టుకుంట ఊరేగిస్తరు. వాళ్ల దున్న పేరు బాద్షా. మల్లేశు దాన్ని ముందర కాళ్లెత్తి నిలబెట్టబోయిండు. ఎక్కడ్నో పటాకి పేలింది. బాద్షా బెదిరి తల తిప్పింది. కొమ్ము సీదా పిలగాని కడుపుల దిగింది.

రిక్షల పిలగాడు, పక్కన లచ్చవ్వ, రిక్ష వెనక యాభై అరవై మంది. మర్ఫా కొట్టేటోడు అది మెడల ఏసుకొనే లోపలికొచ్చిండు. పరేషాన్ల వాని వేళ్లు టకటక కొడ్తనే ఉన్నయి. "అరె, బంద్ కరో!" అని డాక్టరు సాబు ఒర్లిండు. కడుపుకు రుమాలు కట్టి తెచ్చిన్రు, ఇప్పితే లోపలంత పసుపు కూరిన్రు. బొక్క ఎంతుంది? రూపాయి బిళ్లంత. "గింతేనా" అన్నరు జనం. కొమ్ము దెబ్బ మోసం బిడ్డా. బయట బిళ్లంతుంటది, లోపల జానెడు చీరుతది. పిలగాని చెయ్యి వడితే సల్లగున్నది, నాడి దొరుకుతలేదు. ఇప్పుడే కడుపు తెరవాలె అన్నడు డాక్టరు.

మత్తు ఇచ్చే ముందర అడుగుతరు, నోట్ల ఏమన్న పోసిన్రా అని. ఎందుకంటే, మత్తుల కడుపులది పైకొచ్చి ఊపిరితిత్తులల్ల పడితే, గాయం ఇడిసినా అది ఇడ్వదు. డాక్టరు మంచోడే, నోరే పెద్దది. పసుపు కూరిన్రని అప్పటికే అందరిని దులిపిండు. ఇగ ఎవరు చెప్తరు? అందరిది ఒక్కటే మాట: "ఏం ఇయ్యలే సాబ్, మంచినీళ్లు సుత ఇయ్యలే!"

నాకెందుకో నమ్మబుద్ధి కాలే. పాలోళ్ల ఇంట్ల జరమొచ్చినా పాలే, బర్రె తన్నినా పాలే. లచ్చవ్వ చెయ్యి కొంగులకెళ్లి బయటికి రాదాయె. పిలగాని దిక్కు చూసిన. లగ్గానికని పెంచిన మీసాలు. వాటి మీద తెల్లగ మీగడ తెట్టు.

"సార్, పాలు తాగిండు" అన్న. గప్పట్ల డాక్టరు ముంగట ఆయమ్మ నోరిప్పుడు లేదు. "టైం లేదు, జరుగు! రేపటి సంది రాకు" అన్నడు. మీ తాతకు పని లేక ఇంట్ల కూసున్న దినాలవి. అయినా జరగలే. వేలుతోని మీసం తుడిచి, ఆ వేలు ఆయన కండ్ల ముంగట పెట్టిన. "మీగడ సార్, బర్రె పాలది."

గంతే, లచ్చవ్వ కొంగులకెళ్లి చెంబు జారి ఠంగుమని గచ్చు మీద పడ్డది. అదే ఈ సొట్ట. "రిక్షల తాపిన సారూ, బలమొస్తదని" అని కూలబడ్డది.

ముక్కులకెళ్లి గొట్టమేసి గుంజితే సేరు పాలు వచ్చినయి... సేరు కాదులే, అబద్ధమెందుకు, అద్దసేరు. ఆ తర్వాతనే మత్తు ఇచ్చి, పేగు రెండు కాడ చినిగితే కుట్టిన్రు. బయటికొచ్చి డాక్టరు నన్ను పిల్చిండు. "మరియమ్మా, రేపు డ్యూటీ ఎన్నింటికి?" "రావద్దన్నరు గద సార్." "ఏడింటికి రా" అన్నడు. నవ్వాపుకున్నడు గాని, నాకు కనవడ్డది.

నాలుగో దినం పుండు చీము పట్టింది, జరం కాసింది, మళ్ల తెరిచి కడిగిన్రు. పిలగాడు గట్టోడు, తట్టుకున్నడు. కండ్లు తెరిచిన పొద్దు, వార్డు తలుపు కాడ లచ్చవ్వ. చేతుల ఇదే చెంబు, నిండుగ పాలు! "మరియమ్మా, ఇయ్యాల్నా వద్దా?" అని నన్నడిగింది. వద్దే తల్లి అన్న. "అయితే నువ్వు తాగు" అని నన్ను నిలబెట్టి చెంబెడు తాపింది. ఆ సంతోషం నాకిప్పటికీ కడుపులనే ఉన్నది.

లగ్గం ఎండకాలంల అయ్యింది. మళ్ల సదరుకు బాద్షాను సీదా మన గడప ముంగటికే తెచ్చి సలాం కొట్టిచ్చిండు మల్లేశు. నేను తలుపెనక దాక్కున్న! మల్లేశు ఒకటే నవ్వుడు. లచ్చవ్వ ఈ చెంబు నా చేతుల పెట్టింది.

ఇగ నీది. సంచిల పెట్టుకో. ఎంతమంది ఏం ఇయ్యలే అన్నా నువ్వు మూతి చూడు. ఇంకోటి బిడ్డా, ముందుగాల తిట్టకు. తిడితే తల్లులు చెంబు కొంగుల దాస్తరు.

యేసయ్య నీ చేతిని సల్లగ సూడాలె. ఆగు, ఆగు... వట్టి చెంబు పంపద్దు, జెర చక్కెర పోస్త.