రాంగెల్‌కి అర్థంకాని తల

ఏమే రాలిత్సా, నా ముందు అట్లా తల ఆడించకు, నోటితో చెప్పు. మిరపకాయలు కాలాయా లేదా అంటే ఏమిటా ఊపుడు? జర్మనీలో రెండేళ్ళు చదివొచ్చావు, ఇప్పుడు నీది మన తలో వాళ్ళ తలో నాకేం తెలుస్తుంది? నవ్వకు. ఆ తల ఊపుడే మా పైవాటాలో బార్బరు రాంగెల్ కొంప ముంచింది. నీకు గుర్తుండడులే, చిన్నపిల్లవి అప్పుడు. ఊళ్ళో ప్రతి తలా వాడి చేతి కింద వంగిందేనే. కుర్చీలో కూచోబెట్టి "కదలకు" అన్నాడంటే పార్టీ కార్యదర్శి కూడా కదిలేవాడు కాదు. అట్లాంటివాడికి ఒక్క తల మాత్రం అర్థం కాలేదు, మెతోదిది.

మెతోది అంటే... డాన్యూబ్ మీద తిరిగే పడవలో క్లారినెట్ వాయించేవాడు. అందగాడే, ఒప్పుకోవాలి, కాస్త ముక్కు పొడుగు. కుర్రతనంలో వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరు ప్రాణం. బయటికి బంధువులమని చెప్పుకునేవాళ్ళు. ఊరంతటికీ తెలుసు, ఎవరికీ తెలీనట్టే ఉండేవాళ్ళం. మా ఆయనైతే "ఎంత సఖ్యంగా ఉన్నారో చూడు ఆ అన్నదమ్ములు" అని నన్ను దెప్పేవాడు. ఒకరోజు పడవ వియన్నాలో ఆగింది, మెతోది దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. పద్దెనిమిదేళ్ళు! ఆ రోజుల్లో అట్లా వెళ్ళినవాడు తిరిగొస్తే జైలే, ఉత్తరం రాస్తే ఇక్కడివాళ్ళకి తిప్పలు. సరిహద్దులు తెరిచాక వచ్చాడు, ఒక పెట్టె, ఆ క్లారినెట్టు, సగం పోయిన జుట్టుతో. గుమ్మంలో నిలబడి రాంగెల్ ఏమన్నాడో తెలుసా? "ఈ జుట్టు ఎవడు కత్తిరించాడు?" అన్నాడు. చూశావా, మొదటి మాటే అది!

ఆ సాయంత్రం చిక్కుడుగింజల సూపు వండిపెట్టాడు. నేను కింద ఇట్లాగే మిరపకాయలు కాలుస్తున్నా. పైన కిటికీలు బార్లా తెరిచున్నాయి, వినకూడదనే అనుకున్నా. "అక్కడ నీకెవడైనా ఉండేవాడా?" అని రాంగెల్. మెతోదికి నోటినిండా రొట్టె, తల అడ్డంగా ఊపాడట. మన దేశంలో అడ్డంగా అంటే ఔననేగా, నిలువుగా అంటే కాదని! "నాకంటే బాగుంటాడా?" మళ్ళీ అడ్డంగా. "ఇంకా గుర్తొస్తున్నాడా?" ఇంకా గట్టిగా అడ్డంగా. రాంగెల్ చెంచా పళ్ళెంలో పడేసిన చప్పుడు నాకు వినపడింది. "పోనీ, నేనంటే ఇంకా ఇష్టముందా?" ఈసారి పాపం మెతోది కళ్ళనీళ్ళు పెట్టుకుని మెడ విరిగేట్టు నిలువుగా ఊపాడట. అంతే! పెట్టె బాల్కనీ మీంచి వచ్చి నా మిరపకాయల బుట్టలో పడింది. వెనకాలే రెండు చొక్కాలు, ఒక చెప్పు. "ఓరి రాంగెలూ, వాడికి నోరు పడిపోయిందా? నోటితో చెప్పమను!" అని కింద నుంచి అరిచాను. అప్పుడు బయటపడింది సంగతి. ఆ వియన్నాలో అంతా తలకిందులటే! నిలువుగా ఊపితే ఔనట, అడ్డంగా ఊపితే కాదట. పద్దెనిమిదేళ్ళు ఊపి ఊపి వీడికీ అదే అలవాటైంది. అట్లాంటి దేశంలో పెళ్ళిళ్ళెట్లా కుదురుతాయో!

చొక్కాలు నేనే ఉతికిచ్చాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తల ఊపడం నిషేధం. అంతమాత్రాన కుళ్ళు పోతుందా? జనవరి ఒకటిన రేడియోలో ఆ వియన్నా వాళ్ళ వాల్ట్జ్ సంగీతం వస్తే రాంగెల్ టక్కున కట్టేసేవాడు. మెతోది మధ్యాహ్నం కునుకులో నవ్వితే లేపి "ఎవరు?" అనేవాడు. పళ్ళ డాక్టరు మీద కూడా అనుమానమే, "అరగంటసేపు వాడి ముందు నోరు తెరిచి కూచున్నావట?" అని. ఇక ప్రతి పొద్దునా మెతోదికి గడ్డం గీస్తూ, కత్తి గొంతు మీద పెట్టి అడిగేవాడు, "నాతో సుఖంగా ఉన్నావా?" అని. కత్తి కింద ఎవడు కాదంటాడే! "ఉన్నాను" అనేవాడు మెతోది నురగలోంచి. "భయపడి చెప్పాడక్కా" అని నా దగ్గరకొచ్చి రాంగెల్ ఏడుపు. "కత్తి పక్కన పెట్టి అడగరా" అన్నాను. అందుకు ధైర్యం చాల్లేదు.

అట్లా పదకొండేళ్ళు. తర్వాత మెతోదికి పక్షవాతమొచ్చి మాట పోయింది. ఆఖరి రోజు నేనూ ఆ గదిలో ఉన్నాను. రాంగెల్ వాడి గడ్డం గీసి, కత్తి కడిగి, పెట్టెలో పెట్టి మూత వేసి, అప్పుడు అడిగాడు. "నాతో సుఖంగా ఉన్నావా?" మెతోది తల ఊపాడు. నిలువుగా. నెమ్మదిగా, రెండుసార్లు. సాయంత్రానికి పోయాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు, అమ్మాయ్, తొమ్మిదేళ్ళు నా ప్రాణం తీశాడు రాంగెల్. "అక్కా, అది మన ఊపుడా, వాళ్ళ ఊపుడా?" అని. మనదైతే, సుఖం లేదన్నట్టు. వాళ్ళదైతే ఉన్నానన్నట్టే, కానీ మరి ఆఖరి ఘడియలో వాడు వియన్నాలో ఉన్నట్టేగా! "నా మంచం మీద పడుకుని, నా చెయ్యి పట్టుకుని, ఆ ఊళ్ళో ఉన్నాడక్కా" అని కుమిలిపోయేవాడు. నవ్వొచ్చేది నాకు. కొన్నిసార్లు వచ్చేది కాదు. ఏటేటా, మన ఆచారమేగా, తలుపు మీద ఫోటోతో వర్ధంతి కాగితం అతికించేవాడు, "ప్రియమైన బంధువు" అని. ఫోటో మాత్రం వియన్నా వెళ్ళక ముందుది.

చివరికి వాడూ మంచాన పడ్డాడు. గడ్డం నేను గీశాను. నాకు చేతకాదు, రెండుచోట్ల గాట్లు పెట్టాను, తిట్టాడు. తర్వాత "అక్కా, ఆ వియన్నా... అంత చెడ్డ ఊరేం కాదేమో" అన్నాడు. మంచి ఊరేనటరా రాంగెలూ, అన్నాను. నేనెప్పుడు చూశాను గనక.

...ఆ మిరపకాయ తిప్పవే, మాడిపోతోంది.