గనీ సాబ్ రజాయి దుకాణం బంద్ లేదు

శాశ్వతంగా అంట! ఇంకోపారి అడుగు బిడ్డా, కవితా, గా ఫోన్‌ను ఇంకోపారి అడుగు. జనగామల మంచి రజాయిలు ఎవలు కుడ్తరు అని. జర గట్టిగ అడుగు.

ఇన్నవా? "అబ్దుల్ గనీ గారి దుకాణం శాశ్వతంగా మూసివేయబడింది." ఎంత మర్యాదగ చెప్తాందో సూడు! గారు అంట. మా బజార్ల ఆయనను ఒక్కనాడన్న గారు అన్నోళ్లున్నరా? గనీ సాబ్, లేకపోతే దూది గనీ. బతికున్నన్నాళ్లు రాని గారు, దుకాణం ముంచుడుకు వచ్చింది.

ఎవలు చెప్పిన్రు దానికి శాశ్వతంగ అని? నేను చెప్పిన్నా, ఆయన పెండ్లాన్ని?

ఏందీ... ఆలియా అతికిచ్చిన కాయితమా? అవు, అతికిచ్చింది. నా బిడ్డ ఏం చేస్తది పాపం? వాళ్ల అబ్బా పోయిన తెల్లారి షట్టర్ మీద 'బంద్' అని రాసి పెట్టింది. మా దాంట్ల మొగడు పోతే ఆడది ఇద్దత్‌ల కూసుంటది బిడ్డా. నెలల తరబడి గడప దాటది, పరాయి మొగోళ్ల ముంగటికి రాదు. మరి గిరాకీ వస్తే ఎవలు మాట్లాడాలె? అందుకే బంద్. ఇప్పుడు ఇద్దత్ అయిపాయె, ఇగ తెరుద్దామనుకుంటి. ఆయన గూడ శుక్రారం నమాజ్‌కు పోతే గదే బోర్డు పెట్టెటోడు. మల్ల వచ్చి తెరవకపోయెటోడా? బంద్ అంటే ఇప్పటికి బంద్, గంతే. మనకు తెల్వదా?

ఫోన్‌కు తెల్వది. దారెంట పోయెటోళ్లను వాళ్ల ఫోన్లల్లనే అడిగిందంట, ఈ దుకాణం బందేనా అని. వాళ్లు అవు అన్నరంట. వాళ్లకేం తెల్సు, అది ఎల్లకాలం గురించి అడుగుతాందని? ఎవల్ని తిట్టాలె నేను?

ఇప్పుడు జనం దారిల మనిషిని అడుగుతలేరు, ఏఐని అడుగుతాండ్రు, అది ఎవల పేరు చెప్తే ఆడికే పోతాండ్రు అని నువ్వన్ననాడు నేను నమ్మలే. మానుకోటల చెప్పుల దుకాణం, భూపాలపల్లిల మెస్సు, నువ్వు వాళ్ల పేర్లు ఫోన్ల ఎక్కిచ్చినంకనే గిరాకీ పెరిగిందంటే గూడ నమ్మలే. మొన్న టేకుమట్ల రాజేందర్ సార్ వచ్చినంక నమ్మిన. వాళ్లింట్ల ఏ పెండ్లైనా రజాయిలు మా కాడివే. ఈసారి ఫోన్‌ను అడిగితే దుకాణమే లేదన్నదంట. ఏడనో కొన్నడు. కొన్నంక మనసొప్పక, గనీ అన్నకు ఏమైందో అని వచ్చిండు. ఈ గడప మీద కూసొని ఏడ్సిండు.

సరే, ఫోన్ల గూడ దుకాణం తెరిపియ్యి. ఏం రాయాల్నో రాసుకో.

ఆఁ? జనం మా గురించి ఏమన్నరో గదంత సదివి, అప్పుడు చెప్తదా అది? అయితే సదువు, నేను గూడ ఇంట.

"గనీ సాబ్ కుట్టు శానా సన్నగ ఉంటది." ఊఁ. "గనీ అన్న చేతి కుట్టు ఎన్నేండ్లైనా ఊడది." ఊఁ. "నవ్వుకుంట మాట్లాడ్తడు, ఛాయ్ తాపిస్తడు."

ఛాయ్ సంగతి నిజమే.

నవ్వుతలేను బిడ్డా. ఆయనకు సూదిల దారం ఎక్కియ్య రాదు. దూది ఏకెటోడు, నింపెటోడు, ముంగట కూసొని ముచ్చట పెట్టెటోడు. కుట్టింది నేను. ఈ పర్దా ఎనక కూసొని, ప్రతి కుట్టు నేనే. ఎవలన్న "మస్తు కుట్టినవ్ గనీ భాయ్" అంటే, గడ్డం నిమురుకుంట "అంత అల్లా దయ" అనెటోడు.

దుకాణం కట్టేసినంక కొట్లాడెటిదాన్ని. అల్లా దయ సరే, నీ పెండ్లాం హాజిరా చేతి కుట్టు అని గూడ ఒక్క మాటంటే నీ నోరు పోతదా అనెటిదాన్ని. "ఆడోళ్ల పేరు బజార్ల ఎందుకే" అని పక్కకు తిరిగెటోడు. తెల్లారి మల్ల గదే ముచ్చట, "నా చేతి కుట్టు" అని. నేను ఇంటున్న అని తెల్సి గూడ! ఒళ్లు మండెటిది.

ఇప్పుడు నువ్వేమో కుట్టెటోళ్ల పేరు ఏం పెట్టాలె అంటున్నవ్. ఆయన పేరే ఉంచితే, వచ్చినోళ్లు గనీ సాబ్ ఏడీ అంటరు. లేడంటే కుట్టు మారుతదని మర్లిపోతరు. నా పేరు పెడితే, ఇన్నేండ్లు ఆయన అబద్ధం ఆడిండని అంటరు. మట్టిల పన్నోనికి మాట తేవాల్నా? లేకపోతే ఆయన పెట్టిన దుకాణాన్నే పోగొట్టుకోవాల్నా? చెప్పు, నువ్వు సదువుకున్నదానివి.

రెండూ పెట్టొచ్చా? ఎట్ల? "గనీ సాబ్ దుకాణం, కుట్టేది హాజిరా బీ."

ఏదీ, ఇంకోపారి అను.

పెట్టు. ఆలోచన చెయ్యకు, పెట్టు బిడ్డా. దుకాణం బతకాలె గదా.

ఏడుస్తున్న, అవు. ఏం దాసుడు? గా మాట ఆయన నోటెంట ఇనాల్నని ఉండె నాకు. ఒక్కపారి చాలు అనుకుంటి. ఇగ ఫోన్ చెప్తదంట, ఎవలు అడిగితే వాళ్లకు చెప్తదంట. చెప్పనియ్యి, నేనేం చేసుకోవాలె? ఆయన మల్ల వచ్చి గా గద్దె మీద కూసొని, బజారంత ఇనేటట్టు "నా చేతి కుట్టు" అని చెప్పుకుంటే బాగుండు. ఒట్టు బిడ్డా, ఈసారి కొట్లాడకపోదును.