నలభై నిమిషాల ఫీజు

మొన్న ఆసుపత్రిలో నా వంతు కోసం కూర్చుంటే, బిల్లుల కిటికీ దగ్గర నా ఈడు ఆవిడా, లోపలి గుమాస్తా పిల్లా మాట్లాడుకోవడం చెవిన పడింది.

"అమ్మాయ్, డాక్టరు ఫీజు పోయినసారికి రెట్టింపు వేశావేం?"

"జబ్బును బట్టి, చూడ్డానికి పట్టిన సమయాన్ని బట్టి వేస్తాం మామ్మా. పోయినసారి పది నిమిషాలు, ఇవాళ నలభై."

"జబ్బు మాట రెండు నిమిషాలేనే తల్లీ! మిగతాదంతా మా ఆయన గురించి నేను చెప్పుకున్న కబుర్లే. ఆయన పోయాక ఇంట్లో వినేదెవరు, గోడలు తప్ప?"

"అయ్యో, కబుర్లకు ఫీజు ఉండదు. డాక్టరుగారికి ఫోన్ చేసి పదికి మార్పిస్తానుండండి."

"వద్దొద్దు, ఫోన్ పెట్టేయ్!"

"డబ్బు మిగులుతుంది కదా మామ్మా?"

"మిగిలితే ఏం చేసుకోను? నువ్వు పదికి మారిస్తే, వచ్చేసారి ఆ డాక్టరు బాబు పది నిమిషాలకే లేచి వెళ్ళిపోతాడు."