రేడియో మేడమ్ నేర్చుకున్న నిశ్శబ్దం

ఈ హాల్లో కుర్చీలు దొరికినవారికీ, దొరక్క గోడల వెంబడి నిలబడినవారికీ, కిటికీల అవతల నుంచి వింటున్న పాత విద్యార్థులకూ, ముందు వరుసలో కూర్చున్న మేడమ్ భర్త, మనందరి అన్నగారికీ, వారి కూతురికీ నమస్కారం. మన సైన్సు మేడమ్ ఇక లేరు. ఈ ఒక్క మాట తడబడకుండా చెప్పాలని పొద్దున అద్దం ముందు నిలబడి సాధన చేశాను. మిత్రులారా, నేను ఏడవడానికి ఇక్కడికి రాలేదు. గర్వంగా నాలుగు మాటలు చెప్పుకోవడానికి వచ్చాను.

నేను చరిత్ర మాస్టారిని. ఆవిడ క్లాసుకూ నా క్లాసుకూ మధ్య ఉన్నది ఒక పలుచని చెక్క గోడ. గోడకు చెవులుంటాయంటారు. మా గోడకు నోరు కూడా ఉండేది. నేను ఇవతల యుద్ధం చెబుతుంటే, అవతల కప్ప గుండె కొట్టుకునేది. మా పిల్లలు చరిత్ర పరీక్షలో కోట పునాదుల గురించి రాయమంటే చెట్టు వేర్ల గురించి రాసి వచ్చేవారు. ఆవిడ మొదలుపెడితే గుక్క తిప్పుకునేవారు కాదు. ప్రశ్న ఆవిడే అడిగేవారు, జవాబు ఆవిడే చెప్పేవారు, భేష్ అని మెచ్చుకునేదీ ఆవిడే. అందుకే పిల్లలు రేడియో మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకు తెలియదా? బాగా తెలుసు. 'స్టేషన్ మార్చకండర్రా' అని నవ్వేవారు.

అలాంటి మనిషి యాభై దాటాక ఆన్‌లైన్‌లో ఒక కోర్సులో చేరారు. పిల్లల చదువుకు పనికొచ్చే యాప్‌లు తయారుచేసి, వాటితో సొంత సంస్థ ఎలా పెట్టాలో నేర్పే కోర్సు అది. మొక్కై వంగనిది మానై వంగునా అని స్టాఫ్ రూములో గుసగుసలు వినిపించాయి. ఆవిడ విని ఊరుకుంటారా? 'మాను వంగకపోతే కొమ్మైనా వంగుతుందిలెండి' అన్నారు. బడి వదిలాక ల్యాబ్‌లో సీసాల మధ్య కంప్యూటర్ పెట్టుకుని, ముక్కు మీదికి కళ్లజోడు జార్చుకుని చదువుకునేవారు. ఆవిడ ఆలోచన ఏమిటో తెలుసా? తన పాఠాలన్నీ రికార్డు చేసి ప్రతి పిల్లవాడి ఫోన్లోకీ పంపడం. ఇంకేముంది, ఇంటికొక రేడియో!

ఆ కోర్సులో మొదటి పని ఏమిటంటే, మీరు ఎవరికోసం ఆ వస్తువు చేస్తున్నారో అలాంటి మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, ఆ సంభాషణ పంపాలి. ఆవిడ మన అన్నగారినే కూర్చోబెట్టారు. అన్నగారు గడియారాలు బాగుచేస్తారని మీకందరికీ తెలుసు. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. చదువు ఎక్కడ తెగిపోతుందో ఆయన్ని అడగాలనుకున్నారు. అడిగారు. బడి ఎందుకు మానేశారు అని అడిగి, లెక్కలు రాకే కదా అని ఆవిడే చెప్పి, నాకు ముందే తెలుసు అని ముగించేశారు. ఆ రికార్డు విన్న తోటి విద్యార్థి, ఎక్కడో సముద్రాల అవతలి మనిషి, ఇలా రాశాడట: 'మీరు ప్రశ్న అడిగిన వ్యక్తి గొంతు మాకు వినిపించలేదు. ఆయన క్షేమమే కదా?'

ఈ మాట ఆవిడే మాకు చెప్పి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నవ్వి ఊరుకోలేదు. అదే ఇంటికి వెళ్లి, అదే మనిషి ఎదురుగా కూర్చుని, అదే ప్రశ్న మళ్లీ అడిగి, ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారట. అన్నగారు చేతిలో గడియారం మూత పెట్టి, చాలాసేపటికి చెప్పారట: 'జవాబు నాకు తెలిసేది. నేను నోరు తెరిచేలోగా పక్కవాడు చెప్పేసేవాడు. రోజూ అంతే. ఇక వెళ్లి ఏం చెయ్యాలనిపించింది.' ఇన్నేళ్ల కాపురంలో నాకీ మాట ఎందుకు చెప్పలేదండీ అని ఆవిడ అడిగారట. 'నువ్వు అడిగేదానివి. ఆగేదానివి కాదు' అన్నారట ఆయన.

అన్నగారూ, ఆ మాట మీరు కోపంగా అనలేదని నాకు తెలుసు. కానీ ఆ ఒక్క మాట మా బడిని మార్చేసింది.

మర్నాడు ఏం జరిగిందో నేను సాక్షిని. నా క్లాసు మధ్యలో చెక్క గోడ అవతల ఒక్కసారిగా సద్దు ఆగిపోయింది. రేడియో ఆగడమా? ఆవిడకు ఏమైందోనని సుద్దముక్క పారేసి పరుగెత్తాను. తలుపు తీస్తే ఆవిడ నిటారుగా నిలబడి ఉన్నారు. నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టారు. అంతకుముందే క్లాసును, పొయ్యి మీద గిన్నె మూత ఎందుకు ఎగిరెగిరి పడుతుంది అని అడిగారట. చివరి బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడి ఉంది. మాట మొదలుపెట్టగానే నత్తి అడ్డం పడే అమ్మాయి. ఏడాదంతా ఆ క్లాసులో ఎవరూ ఆమె గొంతు వినలేదు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ముందు వరుసలో చేతులు లేస్తున్నాయి. మేడమ్ అటు చూడలేదు. అందించలేదు, తొందరపెట్టలేదు, జాలిగా నవ్వలేదు. ఆగారు. ఆఖరికి ఆ అమ్మాయి, 'ఆవిరికి లోపల చోటు చాలక' అంది. ఆ జవాబు నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అంతకంటే గొప్ప ఉపన్యాసం నా సర్వీసులో వినలేదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మా మేడమ్ ఆ సామెతను బతికుండగానే అబద్ధం చేసేశారు.

తర్వాత పాఠాల రికార్డులన్నీ పక్కన పడేశారు. మా కంప్యూటర్ మాస్టారితో కలిసి చిన్న యాప్ ఒకటి చేశారు. అందులో ప్రశ్న ఉంటుంది. పిల్లలు తమ గొంతుతో జవాబు చెప్పాలి, టీచర్ మాత్రమే వింటారు. కంప్యూటర్ మాస్టారు అలవాటు కొద్దీ మూలన జవాబుకు పట్టే సమయం లెక్కపెట్టే గడియారం ఒకటి పెడితే తీయించేశారు. ఇంట్లో గోడ నిండా గడియారాలు, ఆవిడ యాప్‌లో మాత్రం ఒక్కటీ లేదు! మెల్లగా ఇంకో బడి అడిగింది, ఆ తర్వాత మరోటి.

అప్పుడు పెద్ద కంపెనీవాళ్లు వచ్చారు. మా స్టాఫ్ రూములో కూర్చుని, యాప్ బ్రహ్మాండంగా ఉంది, పెట్టుబడి పెడతాం, గడియారం ఒక్కటి పెట్టండి, పోటీ ఉంటేనే పిల్లలు ఎగబడతారు అన్నారు. సొంత సంస్థ పెట్టాలని ఇంతకాలం చదువుకున్న మనిషికి ఆ అవకాశం చిన్నదా? ఆవిడకు ఆశ లేదా? ఉంది, నేను ఆ ముఖంలో చూశాను. అయినా వాళ్లను ఒకటే అడిగారు: 'జవాబు తెలిసి కూడా మీరు క్లాసులో చెప్పలేకపోయిన రోజు ఏదైనా ఉందా?' అడిగి ఆగారు. టీ చల్లారింది. వాళ్లలో పెద్దాయన 'ఉంది' అన్నాడు. పెట్టుబడి రాలేదు. గడియారమూ రాలేదు. ఆవిడ మాత్రం ఆ సాయంత్రం మెట్లు దిగుతూ, 'చూశారా మాస్టారూ, ఆయన చేత కూడా జవాబు చెప్పించాను' అని పొంగిపోయారు.

మిత్రులారా, ఆ యాప్ ఇప్పుడు మన చేతుల్లో ఉంది. రేపు మరో కంపెనీ వస్తుంది, ఇంకా తీయగా అడుగుతుంది. అప్పుడు ఏం చెబుతాం? నా జవాబు నాకు తెలుసు. మీ జవాబు కోసం ఆగుతాను.

చివరి బెంచీలో లేచి నిలబడిన ఆ అమ్మాయి ఇప్పుడు టీచర్ అవడానికి చదువుతోంది. ఇదిగో, అన్నగారి కూతురి పక్కనే కూర్చుని ఉంది. తన సంగతి చెప్పమని నాకు తనే అనుమతి ఇచ్చింది. అమ్మా, ఒకసారి ఇలా మైకు దగ్గరికి రా.

అందరూ దయచేసి లేచి నిలబడండి. మేడమ్ కోసం మౌనంగా ఉందాం. ఎంతసేపు అని ఎవరూ చేతి గడియారం చూసుకోవద్దు. ఇక కూర్చోండి అని ఈ అమ్మాయి చెబుతుంది. ఆ మాట రావడానికి ఎంతసేపు పడితే అంతసేపు నిలబడదాం. ఎవరూ అందించకండి.